పెద్ద వయసు మగవారికి మూత్ర బాధలు: సిగ్గుపడి దాచుకోకండి

(సంఘాల పురుషుల కూటంలో చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకునేది నలుగురిలో ఎవరూ ఎత్తని విషయం. బి.పి. ఎంత ఉందో అరుగు మీద కూర్చుని చెప్పుకుంటాం. షుగరు ఎంత ఉందో పెళ్ళి పంక్తిలో కూడా చెప్పుకుంటాం. మోకాళ్ళ నొప్పుల సంగతి సరేసరి. కాని "నాకు ఒంటికి సరిగా రావడం లేదు" అనే మాట మాత్రం కన్న కొడుకుతో కూడా అనలేం. ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. ఈలోగా లోపల మూత్రపిండాలు దెబ్బతింటూ ఉంటాయి.

ఒకసారి మీ సంఘాన్నే గుర్తు చేసుకోండి. ఒకప్పుడు ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఈ మధ్య తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చుంటున్నారా? ప్రసంగం మధ్యలో రెండుసార్లు లేచి వెళ్తున్నారా? ఏటా సువార్త మహాసభలకు వెళ్ళే మనిషి "బస్సు ప్రయాణం పడటం లేదు" అని మానేశారా? ఆదివారం ఉదయం మంచినీళ్ళు ముట్టకుండా వస్తున్నారా? వీటిలో చాలావాటి వెనుక కారణం ఒకటే ఉండవచ్చు. అదే ప్రోస్టేట్ గ్రంథి.

సువార్తలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని మీరు ఎరుగుదురు. ఆమె జనంలో వెనుకగా వచ్చింది, ఎవరికీ తెలియకుండా వచ్చింది. ప్రభువు ఆమెను అవమానించలేదు. ఆదరించి పంపాడు. దేహంలో ఏ భాగానికి జబ్బు వచ్చినా అది జబ్బే. అందులో సిగ్గు పడవలసింది లేదు.

ప్రోస్టేట్ అంటే ఏమిటి?

ఇది మగవారికి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రం నిల్వ ఉండే సంచిని మూత్రాశయం అంటాం. దాని కింద, మలద్వారం లోపలి భాగానికి ముందు ఈ గ్రంథి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాముల బరువుతో ఒక పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వీర్యంలో ఉండే ద్రవంలో కొంత భాగాన్ని తయారు చేయడం దీని పని.

మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే నాళం సరిగ్గా ఈ గ్రంథి మధ్యలోంచి వెళ్తుంది. పూసలోంచి దారం వెళ్ళినట్టు అనుకోండి. నలభై ఏళ్ళు దాటాక మగ హార్మోన్ల ప్రభావం వల్ల ఈ గ్రంథి మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. పూస లావై రంధ్రం ఇరుకైతే దారం నలుగుతుంది కదా! అలాగే లోపలి నాళం ఒత్తుకుపోయి మూత్రం దారి ఇరుకవుతుంది. అరవై ఏళ్ళు వచ్చేసరికి సుమారు సగం మంది మగవారిలో, ఎనభై దాటేసరికి ఎక్కువ మందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారదు కూడా.

"అయితే ఇది వయసుతో వచ్చేదే కదా, మామూలే కదా" అంటారు మీరు. ఇక్కడే జాగ్రత్త పడాలి. తల నెరిసినట్టే గ్రంథి పెరగడం మామూలే. కాని దానివల్ల నిద్ర పోగొట్టుకోవడం, ముక్కి ముక్కి మూత్రం పోయడం, మూత్రపిండాలు పాడు చేసుకోవడం మామూలు కాదు. వీటికి మందు ఉంది.

లక్షణాలను ఎలా గుర్తించాలి?

ఈ లక్షణాలు రెండు రకాలు. మొదటి రకం ధారకు సంబంధించినవి. మూత్రం వెంటనే మొదలు కాక కాసేపు నిలబడవలసి వస్తుంది. ధార సన్నగా, దూరం పడకుండా కాళ్ళ దగ్గరే పడుతుంది. మధ్యలో ఆగి ఆగి వస్తుంది. అయిపోయిందనుకున్నాక బొట్లు బొట్లుగా కారి పంచె తడుస్తుంది.

రెండో రకం నిల్వకు సంబంధించినవి. గంటకూ గంటన్నరకూ వెళ్ళవలసి వస్తుంది. రాత్రి మూడు నాలుగుసార్లు మెలకువ వస్తుంది. వచ్చిందంటే ఆపుకోలేరు, దొడ్డికి చేరేలోగా తడిసిపోతుంది.

మీకు ఈ బాధ ఎంత ఉందో తెలుసుకోవడానికి ప్రపంచమంతా డాక్టర్లు వాడే ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. దాని సారం మన మాటల్లో చెబుతాను. కాగితం, పెన్సిలు తీసుకోండి. గడిచిన నెల రోజులు మనసులో పెట్టుకుని జవాబివ్వండి.

1. పోసి వచ్చాక ఇంకా లోపల మిగిలిపోయినట్టు అనిపిస్తోందా?
2. వెళ్ళి వచ్చిన రెండు గంటల లోపే మళ్ళీ వెళ్ళవలసి వస్తోందా?
3. ధార ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతోందా?
4. వచ్చినప్పుడు ఆపుకోవడం కష్టంగా ఉందా?
5. ధార సన్నబడిందా?
6. మొదలుపెట్టడానికి ముక్కవలసి వస్తోందా?
7. పడుకున్నాక తెల్లవారేలోగా ఎన్నిసార్లు లేస్తున్నారు?

మొదటి ఆరు ప్రశ్నలకు మార్కులు ఇలా వేసుకోండి. అసలు లేకపోతే 0. ఐదుసార్లలో ఒకసారి కన్నా తక్కువైతే 1. సగం కన్నా తక్కువసార్లు అయితే 2. సుమారు సగం సార్లు అయితే 3. సగం కన్నా ఎక్కువైతే 4. దాదాపు ప్రతిసారీ అయితే 5. ఏడో ప్రశ్నకు ఎన్నిసార్లు లేస్తే అన్ని మార్కులు. ఐదు, అంతకు మించి ఎన్నిసార్లు లేచినా 5 మార్కులే. మొత్తం 35.

కూడి చూడండి. 7 లోపు వస్తే బాధ కొద్దిగా ఉన్నట్టు. 8 నుంచి 19 వరకు అయితే మధ్యస్తం. 20, అంతకు మించితే తీవ్రం. 8 దాటిన ప్రతి ఒక్కరూ డాక్టరుకు చూపించుకోవాలి. 8 లోపు ఉన్నా మీకు ఇబ్బందిగా ఉంటే తప్పక రండి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తీసుకొస్తే చాలు. నోటితో చెప్పడానికి మొహమాటమైతే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

రాత్రి లేవడమంతా ప్రోస్టేట్ వల్లే కాదు

ఇది చాలా ముఖ్యం. షుగరు అదుపులో లేకపోయినా మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుంది. అయితే షుగరులో ప్రతిసారీ ఎక్కువ మూత్రం వస్తుంది, దాహం కూడా ఎక్కువ. ప్రోస్టేట్ బాధలో ప్రతిసారీ కొద్దిగానే వస్తుంది. గుండె బలహీనమైన వారికి పగలు కాళ్ళలో చేరిన నీరు రాత్రి పడుకోగానే మూత్రంగా వస్తుంది. బి.పి.కి వేసుకునే నీటి మాత్ర సాయంత్రం వేసుకున్నా రాత్రంతా లేవవలసి వస్తుంది. పడుకునే ముందు తాగే టీ, కాఫీ కూడా అంతే.

తేడా తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. కొలత గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి దొడ్లో పెట్టుకోండి. మూడు రోజులు, ఎన్ని గంటలకు వెళ్ళారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది అని క్యాలెండరు కాగితం మీద రాయండి. రోజు మొత్తం 3 లీటర్లు దాటితే షుగరు పరీక్ష ముందు చేయించాలి. రోజు మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రే వస్తుంటే గుండె, కాళ్ళ వాపులు, మందుల వేళలు చూడాలి. ఆ మూడు రోజుల లెక్క తెస్తే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే.

చప్పుడు చేయకుండా వచ్చే ప్రమాదం

మా ఓ.పి.కి వచ్చే పెద్దవారిలో కొందరి కథ ఇలా ఉంటుంది. ఏడాది రెండేళ్ళుగా ధార సన్నబడింది. "వేడి చేసింది" అనుకుని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగారు. పల్లేరు కాయల కషాయం తాగారు. తరువాత కొన్నాళ్ళకు మూత్రం తనకు తెలియకుండానే కారడం మొదలైంది. రాత్రి పక్క తడుస్తోంది. ఇంట్లో వాళ్ళు "అడ్డు లేకుండా బాగానే వస్తోంది కదా, పెద్దతనం వల్ల ఆపుకోలేకపోతున్నాడు" అనుకున్నారు. ఆ తరువాత అన్నం సహించడం మానేసింది, వాంతులయ్యాయి, కాళ్ళు ముఖం వాచాయి. అప్పుడు ఆసుపత్రికి తెచ్చారు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా, గుండ్రంగా తగులుతుంది. అది మూత్రంతో నిండిన మూత్రాశయం. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగా పెరిగి ఉంటుంది. అంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయని అర్థం.

ఇది ఎలా జరుగుతుంది? దారి ఇరుకైన కొద్దీ మూత్రాశయం మొదట్లో బలంగా నెడుతుంది. నెట్టి నెట్టి అలిసిపోతుంది. అప్పుడు ప్రతిసారీ కొంత లోపలే మిగిలిపోతుంది. మామూలుగా పోసి వచ్చాక లోపల మిగిలేది 50 మిల్లీలీటర్ల లోపే. ఇలాంటివారిలో అది 300 దాటి, ఒక్కోసారి లీటరు కూడా ఉంటుంది. నిండిన కుండ పొర్లినట్టు పైపైన ఉన్నది మాత్రమే కారుతుంది. లోపలి ఒత్తిడి వెనక్కి తన్ని మూత్రపిండాల దాకా పోతుంది. ఇది మెల్లగా జరుగుతుంది కాబట్టి నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ రారు.

అందుకే ఒక మాట గుర్తుంచుకోండి: పెద్ద వయసు మగవారికి కొత్తగా రాత్రిపూట పక్క తడుస్తుంటే అది ముసలితనం అని తీసిపారేయకండి. లోపల మూత్రం నిండిపోయి పొర్లుతోందేమో చూపించండి. వేళకు గొట్టం వేసి ఆ నిల్వ తీసేస్తే మూత్రపిండాలు చాలామందిలో కొంతవరకైనా కోలుకుంటాయి. ఆలస్యమైతే డయాలిసిస్ దాకా వెళ్ళవలసి రావచ్చు.

నిల్వ ఉన్న మూత్రంలో చీము పట్టడం, మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడటం కూడా జరుగుతాయి. ఇంకో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రాత్రి నాలుగుసార్లు చీకట్లో లేచి వెళ్ళే పెద్దాయన గుమ్మం తట్టుకుని పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. అసలు జబ్బు మూత్రానిది, మంచాన పడటం మాత్రం ఎముక విరిగి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన సందర్భాలు

1. మూత్రం ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బి విపరీతమైన నొప్పి వస్తే.
2. మూత్రంలో రక్తం కనిపిస్తే. నొప్పి లేకపోయినా సరే, ఒక్కసారే కనిపించి ఆగిపోయినా సరే. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటున్న వారికి ఇది మూత్రాశయ క్యాన్సర్ గుర్తు కూడా కావచ్చు.
3. చలిజ్వరంతో పాటు మూత్రంలో మంట, మలద్వారం ముందు భాగంలో నొప్పి ఉంటే. అది గ్రంథికి చీము పట్టడం కావచ్చు.
4. మూత్ర బాధతో పాటు వాంతులు, కాళ్ళ వాపు, మగత ఉంటే.
5. నడుం నొప్పితో పాటు కాళ్ళు కొత్తగా బలహీనపడటం, తిమ్మిరెక్కడం, మలమూత్రాలు తెలియకపోవడం ఉంటే. ఇందులో గంటలు కూడా లెక్కే. తెల్లవారాక చూద్దామనుకోకండి.

మూత్రం ఒక్కసారిగా ఆగిపోవడానికి కొన్ని పనులు దారితీస్తాయి. జలుబుకు, దగ్గుకు షాపులో కొనుక్కునే మాత్రలు, సిరప్పులు కొన్ని మూత్రం దారిని బిగపట్టిస్తాయి. మద్యం, మలబద్ధకం, దూరప్రయాణంలో గంటల తరబడి బిగపట్టుకోవడం కూడా అలాంటివే. ప్రోస్టేట్ బాధ ఉన్నవారు జలుబు మాత్ర అడిగేటప్పుడు ఆ సంగతి తప్పక చెప్పండి.

క్యాన్సర్ మాట

ఈ గ్రంథికి క్యాన్సర్ కూడా వస్తుంది. 2022 లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తం మీద మగవారికి వచ్చే క్యాన్సర్లలో ఇది రెండో స్థానంలో ఉంది. అయితే భయపడవద్దు, తేలిగ్గానూ తీసుకోవద్దు. ఈ క్యాన్సర్ చాలావరకు గ్రంథి బయటి అంచుల్లో మొదలవుతుంది. మధ్యలో ఉన్న మూత్రనాళాన్ని వెంటనే నొక్కదు. అందుకే మొదటి దశలో ఏ లక్షణమూ ఉండదు. ముదిరాక మూత్రం ఇబ్బంది, నడుం, తుంటి ఎముకల్లో రాత్రిళ్ళు తగ్గని నొప్పి, బరువు తగ్గడం కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి ఉన్న నడుం నొప్పి వేరు. అరవై దాటాక కొత్తగా మొదలై, పడుకున్నా తగ్గని నొప్పి వేరు. రెండో దానికి నొప్పి మాత్రలతో కాలం గడపకూడదు.

తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మనకు వచ్చే అవకాశం రెట్టింపు అవుతుంది. తల్లికి, అక్కచెల్లెళ్ళకు రొమ్ము క్యాన్సర్ ఉన్న కుటుంబాల్లో కూడా జాగ్రత్త అవసరం.

వేళకు గుర్తిస్తే మంచి చికిత్సలు ఉన్నాయి. కొన్ని క్యాన్సర్లు ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, ఏ చికిత్సా చేయకుండా క్రమంగా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేస్తారు. ఎముకలకు పాకినా దారి మూసుకుపోదు. ఈ క్యాన్సర్ మగ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని, ఆ హార్మోనును తగ్గిస్తే కుంచించుకుపోతుందని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూత్రం మీద ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు, చిన్న ఆపరేషన్ ఈనాటికీ ఎందరికో అదనంగా కొన్నేళ్ళ జీవితాన్నిస్తున్నాయి.

ఏమేమి పరీక్షలు చేస్తారు?

చాలామంది పెద్దలు రాకపోవడానికి కారణం వేలితో చేసే పరీక్ష అంటే భయం. దాని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. డాక్టరు గ్లవుజు వేసుకుని, జెల్లీ రాసి, మలద్వారంలో ఒక వేలితో గ్రంథిని తాకి చూస్తారు. అర నిమిషం కూడా పట్టదు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి ఉండదు. గ్రంథి మెత్తగా, నున్నగా ఉందా, ఎక్కడైనా రాయిలా గట్టిపడిందా అనేది ఆ వేలికి తెలుస్తుంది. తెర చాటున చేస్తారు, మీ అనుమతితోనే చేస్తారు.

మిగతావి తేలికైనవే. మూత్రపరీక్ష, రక్తంలో షుగరు, క్రియాటినిన్, కడుపు స్కానింగ్. స్కానింగ్‌లో మూత్రం పోసి వచ్చాక ఇంకోసారి చూసి లోపల ఎంత మిగిలిందో కొలుస్తారు. ధార వేగం కొలిచే యంత్రం కూడా ఉంటుంది. సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా బాగున్నట్టు. 10 కన్నా తక్కువైతే అడ్డు ఉందేమో అని అనుమానించాలి.

పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష గురించి అందరూ అడుగుతారు. ఇది ప్రోస్టేట్ తయారుచేసే ఒక పదార్థాన్ని కొలుస్తుంది. సాధారణంగా 4 దాటితే ఎక్కువ అంటాం. కాని పెరిగిందంటే క్యాన్సర్ అని అర్థం కాదు. మామూలు పెరుగుదలలో, చీము పట్టినప్పుడు, మూత్రం ఆగి గొట్టం వేసినప్పుడు కూడా పెరుగుతుంది. చీము పట్టి తగ్గిన వారు సుమారు 6 వారాలు ఆగి చేయించుకోవడం మంచిది. కాబట్టి రిపోర్టు చూసుకుని ఇంట్లో ఏడ్చుకోకండి. దాన్ని చదవవలసింది డాక్టరు.

చికిత్స ఎలా ఉంటుంది?

బాధ కొద్దిగా ఉంటే అలవాట్లు మార్చుకుని, ఏడాదికొకసారి చూపించుకుంటే చాలు.

బాధ మధ్యస్తంగా ఉంటే మాత్రలు ఇస్తారు. ఒక రకం దారి దగ్గరి కండరాన్ని సడలిస్తాయి. టామ్సులోసిన్, అల్ఫుజోసిన్, సిలోడోసిన్ ఈ రకానివి. కొద్ది రోజుల్లోనే ధార మెరుగవుతుంది. కొందరికి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. అందుకే మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి. కాసేపు అంచున కూర్చుని లేవండి. శుక్లాల ఆపరేషన్‌కు వెళ్ళేవారు ఈ మాత్ర వేసుకుంటున్నామని, లేదా ఇంతకుముందు వేసుకున్నామని కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ మందు కంటిపాప కండరాన్ని కూడా వదులు చేస్తుంది. ముందే తెలిస్తే వారు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

రెండో రకం మాత్రలు గ్రంథినే కొంత చిన్నది చేస్తాయి. ఫినాస్టెరైడ్, డుటాస్టెరైడ్ ఈ రకానివి. వీటి గుణం తెలియడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. నెల వాడి "పని చేయలేదు" అని మానేయకండి. ఇవి పి.ఎస్.ఎ. అంకెను సుమారు సగానికి తగ్గిస్తాయి. కాబట్టి పరీక్షకు ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. లేకపోతే ఉన్న జబ్బు కూడా లేనట్టు కనిపించవచ్చు.

మందులతో తగ్గకపోయినా, మూత్రం మళ్ళీ మళ్ళీ ఆగిపోతున్నా, రాళ్ళు, రక్తం, మాటిమాటికీ చీము, మూత్రపిండాలకు దెబ్బ ఉన్నా ఆపరేషన్ చేస్తారు. ఇప్పుడు చాలామందికి పొట్ట కోయనవసరం లేదు. నడుముకు మత్తు ఇచ్చి, మూత్రం దారిలోంచే పరికరం పంపి అడ్డుగా పెరిగిన భాగాన్ని తీసేస్తారు. లేజర్‌తో కూడా చేస్తారు. ఆ ముక్కలను పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు తీసుకోకుండా ఇంటికి వెళ్ళి మరిచిపోకండి.

ఖర్చుకు భయపడి ఆగేవారు ఉన్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. 70 ఏళ్ళు నిండిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు వైద్యం అందే ఆయుష్మాన్ కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మీ చికిత్స ఏ పథకం కింద వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంట్లో జాగ్రత్తలు

నీళ్ళు మానేయకండి. మన ఎండల్లో నీళ్ళు తగ్గిస్తే రాళ్ళు, చీము వస్తాయి. పగలు బాగా తాగి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించండి. సాయంత్రం తరువాత టీ, కాఫీ వద్దు. పోసిన తరువాత ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. కూర్చుని పోస్తే కొందరికి బాగా ఖాళీ అవుతుంది. మలబద్ధకం లేకుండా ఆకుకూరలు, పీచు ఉన్న ఆహారం తినండి. రోజూ నడవండి. మంచం నుంచి దొడ్డిదాకా రాత్రంతా చిన్న లైటు ఉంచండి. దూరమైతే మంచం పక్కన మూత్రపు డబ్బా పెట్టుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి, అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి.

తల్లులకు, కోడళ్ళకు ఒక మాట

అమ్మా, మీరు పట్టించుకుంటేనే చాలా ఇళ్ళలో ఈ జబ్బు బయటపడుతుంది. మగవారు చెప్పరు. "ఏమండీ, రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అని మీరు అడగండి. ఆయన "నీకెందుకులే" అంటారు. మీరు ఊరుకోకండి. కోడళ్ళు మామగారి పక్కబట్టలు ఉతికేటప్పుడు తడి గమనిస్తే విసుక్కోకండి, నలుగురిలో అనకండి. భర్తకు చెప్పండి. కొడుకు తండ్రిని వెంటబెట్టుకుని ఒక పూట సెలవు పెట్టుకుని రావాలి. చిన్నప్పుడు మన పక్క తడిస్తే ఆయన మనల్ని ఎత్తుకున్నారు కదా!

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు ఒక విన్నపం. రాత్రంతా సాగే ప్రార్థన కూటాల్లో, మహాసభల పందిళ్ళలో పెద్దవారికి దగ్గరగా, వెలుతురున్న మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. అది కూడా పరిచర్యే.

సభలో అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: ప్రార్థన చేసుకుంటున్నాను. మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టా?

జవాబు: కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడు. మంచి సమరయుడు దెబ్బతిన్నవాని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. ప్రార్థన చేసుకుంటూనే మాత్ర వేసుకోండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ప్రశ్న: ఆపరేషన్ చేయించుకుంటే దాంపత్య జీవితం పోతుందా?

జవాబు: మామూలు పెరుగుదలకు చేసే ఆపరేషన్‌లో చాలామందికి శక్తి పోదు. అయితే వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్ళడం ఎక్కువ మందికి జరుగుతుంది. దానివల్ల ఆరోగ్యానికి హాని లేదు. ఆపరేషన్‌కు ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని సర్జన్‌ను అడగండి.

ప్రశ్న: బాధ ఏమీ లేదు. ఏటా పి.ఎస్.ఎ. చేయించుకోవాలా?

జవాబు: అందరూ చేయించుకుని తీరాలని లేదు. మంచీ చెడూ రెండూ ఉన్నాయి. కొందరిలో వేళకు క్యాన్సర్ దొరుకుతుంది. కొందరిలో జీవితాంతం బాధ పెట్టని చిన్న క్యాన్సర్ బయటపడి అనవసర చికిత్సకు దారితీస్తుంది. 50 దాటినవారు, కుటుంబంలో ఈ జబ్బు ఉంటే 45 నుంచే, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. 70 దాటి ఏ లక్షణమూ లేనివారికి ఈ పరీక్షతో సాధారణంగా మేలు తక్కువ.

ప్రశ్న: కొబ్బరినీళ్ళు, కషాయాలు తాగవచ్చా?

జవాబు: మూత్రపిండాలు బాగుంటే కొబ్బరినీళ్ళు తాగవచ్చు. కాని అవి ఇరుకైన దారిని తెరవవు. క్రియాటినిన్ పెరిగినవారికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదం కూడా కావచ్చు. కషాయం తాగుతూ పరీక్ష వాయిదా వేయడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

ప్రశ్న: ఒకసారి ఆపరేషన్ అయింది. ఇక క్యాన్సర్ రాదు కదా?

జవాబు: అలా అనుకోవద్దు. మామూలు పెరుగుదలకు చేసే ఆపరేషన్‌లో గ్రంథి మొత్తం తీయరు. అడ్డుగా ఉన్న లోపలి భాగమే తీస్తారు. బయటి భాగం మిగిలి ఉంటుంది. కాబట్టి తరువాత కూడా డాక్టరు చెప్పినట్టు చూపించుకోవాలి.

ముగింపుగా

పౌలు మన దేహాన్ని దేవుని ఆలయంతో పోల్చాడు. ఆలయం పైకప్పు కారుతుంటే సంఘమంతా కూడి బాగు చేసుకుంటాం. ఎవరూ సిగ్గుపడరు. మీ దేహానికి కూడా ఆ పాటి శ్రద్ధ చూపండి. ఈ రాత్రి ఆ ఏడు ప్రశ్నలకు మార్కులు వేసుకోండి. మీకు అవసరం లేకపోతే ఈ పుస్తకాన్ని చివరి బల్ల మీద కూర్చునే పెద్దాయనకు ఇవ్వండి. ఏమీ అనకుండా చేతిలో పెట్టినా చాలు.

దేవుడు మీకు ఆరోగ్యాన్ని, ప్రశాంతమైన నిద్రను అనుగ్రహించును గాక. ఆమేన్.